ట్రెడ్‌మిల్ టెస్ట్‌లో కార్టిసాల్ ఎక్కువ వస్తే ఓవర్‌ట్రైనింగ్ అయినట్టేనా?

ట్రెడ్‌మిల్ టెస్ట్‌లో కార్టిసాల్ (ఒత్తిడిలో ఒంట్లో పెరిగే హార్మోన్) ఎక్కువ వచ్చింది, ఓవర్‌ట్రైనింగ్ (ఒళ్లు తేరుకోలేనంత సాధన) అయిందేమో, ట్రైనింగ్ తగ్గించాలా అని అడిగారు. ఆ ఒక్క అంకె చూసి మాత్రం తగ్గించకండి. ముందు రిపోర్టు మీద రక్తం ఎన్ని గంటలకు తీశారో రాసి ఉందేమో చూడండి. ఎనిమిదేళ్లు 800 మీటర్లు పరిగెత్తినదాన్ని. అలాంటి అంకె వల్లే నాకొక సీజన్ పోయింది.

నా మొదటి టెస్ట్ పొద్దున ఏడింటికి. ఆరుంబావుకు లేచి పరగడుపున వెళ్లాను. రక్తం తీసే అబ్బాయి కొత్తవాడు. మోచేతి పైన పట్టీ బిగించి, పిడికిలి మూయండి, తెరవండి అంటూ రెండుసార్లు గుచ్చాడు, నరం దొరకలేదు. అతని నుదుటి మీద చెమట. నాకు గుండె దడదడ చెవుల్లో వినిపిస్తోంది. మూడోసారి దొరికింది. ఆ టెన్షన్‌లో తీసిన రక్తాన్ని 'విశ్రాంతి సమయం' అనే గడిలో రాశారు. కార్టిసాల్ డెసిలీటరుకు 24 మైక్రోగ్రాములు వచ్చింది. మా కోచ్ మూడు వారాలు పరుగు మాన్పించారు. మళ్లీ టెస్ట్ చేయిస్తే 11. రెస్ట్ పనిచేసిందని అందరూ సంబరపడ్డారు, నేనూ నమ్మాను. సెలక్షన్ ట్రయల్స్‌లో చివరి 150 మీటర్లకు వచ్చేసరికి కాళ్లు కదల్లేదు.

ఏడాది తర్వాత ఒక పెద్దావిడ, ఫిజియాలజీ ల్యాబ్‌లో పనిచేసేవారు, నా రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి, "ఇది పొద్దున ఏడింటికి, ఇది సాయంత్రం నాలుగింటికి. రెండింటినీ ఎలా పోల్చారమ్మా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. నిద్ర లేచాక 30 నుంచి 45 నిమిషాల్లో కార్టిసాల్ బాగా పెరుగుతుంది, అక్కణ్ణుంచి అర్ధరాత్రి దాకా తగ్గుతూ పోతుంది. నేను మూడు వారాలు ఇంట్లో కూర్చోకపోయినా ఆ సాయంత్రం అంకె తగ్గే వచ్చేది!

ఆవిడ మాత్రం పద్ధతిగా చేశారు. మళ్లీ మళ్లీ గుచ్చక్కర్లేకుండా చేతి నరంలో సన్నని గొట్టం (కాన్యులా) పెట్టి అరగంట పడుకోబెట్టాకే మొదటి రక్తం తీశారు. పరుగు ఆగగానే ఒకసారి, ఆ తర్వాత పది, ఇరవై, ముప్ఫై నిమిషాలకు మళ్లీ. ఎందుకంటే కార్టిసాల్ ఆలస్యంగా వస్తుంది, పరుగు ఆగాక కూడా పెరుగుతూనే ఉంటుంది. అడ్రినలిన్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. రెండు మూడు నిమిషాల్లోనే సగానికి పడిపోతుంది కాబట్టి పరిగెత్తుతుండగానే తీసి, ట్యూబును ఐసులో పెట్టాలి. నీళ్లు తాగి, చెమట తుడుచుకుని, వచ్చి కూర్చున్నాక తీసే చోట్లు చూశాను. వాటికి డబ్బులెందుకు తీసుకుంటారో నాకు అర్థం కాదు. పైగా గట్టిగా పరిగెత్తితే రక్తంలో నీరు తగ్గి చిక్కబడుతుంది, ఆ మేరకు అంకె పెరిగినట్టు కనిపిస్తుంది. దాన్ని సరిచేయడానికి హీమోగ్లోబిన్, హెమటోక్రిట్‌ (రక్తంలో ఎర్రకణాల వంతు) అంకెలతో డిల్, కోస్టిల్ అనే పరిశోధకులు 1974లోనే లెక్క ఇచ్చారు. మన రిపోర్టుల్లో ఆ లెక్క ఎక్కడైనా కనిపిస్తుందా?

సూదంటే భయమైతే లాలాజలంతో చేయించుకోండి, నేనిప్పుడు అదే నమ్ముతాను. కాకపోతే అప్పుడే పళ్లు తోముకుని వెళ్లొద్దు, చిగుళ్ల రక్తం కలిస్తే లెక్క తప్పుతుంది. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడే అమ్మాయిలకు రక్తంలో మొత్తం కార్టిసాల్ ఎక్కువే చూపిస్తుంది, ఆ సంగతి నన్ను ఎవరూ అడగనే లేదు.

ఇంకొకటి. శక్తి మేరకు పరిగెత్తితే కార్టిసాల్ పెరగాలి, అది ఒంటి పని. నిజంగా ఓవర్‌ట్రైనింగ్ అయినవాళ్లలో చాలాసార్లు ఎంత పరిగెత్తించినా పెరగాల్సినంత పెరగదు. అందుకే నాలుగు గంటల తేడాతో ఒకే రోజు రెండుసార్లు పరిగెత్తించి చూసే టెస్ట్ ఉంది.

మీ రక్తం ఎన్నింటికి తీశారు, అంతకుముందు ఎంతసేపు పడుకోబెట్టారు, ఏం మందులు వాడుతున్నారు, ఇవన్నీ రాయండి. ముందు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారో కూడా.