రీబటన్ టైర్లు: పొలానికి, ఘాట్‌రోడ్డుకు, క్వారీకి
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం తారురోడ్డు దిగి నడిచే బండ్లకు రీబటన్ టైర్లు, అంటే బటన్లు (నేలను పట్టే రబ్బరు గట్లు) అరిగాక పాత టైరు మీదే కొత్త రబ్బరు వేసినవి, వాడటం గురించే ఉన్నాయి. ఒకే సందేహం పలుమార్లు వచ్చినచోట ఒక ఉత్తరాన్ని మాత్రమే తీసుకుని జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మాకు 45 హెచ్‌పీ ట్రాక్టరు ఉంది. వెనక టైర్లు 13.6–28 సైజువి. అయిదేళ్లుగా దమ్ముకు, దుక్కికి, కోతల తర్వాత వెనక ట్రక్కు తగిలించి ధాన్యం తోలకానికి వాడుతున్నాం. బటన్లు వేలి మందం కూడా మిగలలేదు. రబ్బరు వేయించమని కొందరు, దండగ అని కొందరు అంటున్నారు. ఏది నమ్మాలి? – ఒక రైతు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: రీబటన్‌కు బాగా నప్పే బండి ఏదని అడిగితే నేను ముందు ట్రాక్టరు పేరే చెబుతాను. కొత్త రబ్బరు, పాత కేసింగ్ (బటన్ల కింద ఉండే టైరు ఒళ్లు) కలిసే అతుకుకు పెద్ద శత్రువు వేడి. నిండు బరువుతో గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే లారీ టైరు పుట్టించే వేడిలో పొలంలో మెల్లగా తిరిగే ట్రాక్టరు టైరు ఏ కొంచెమో మాత్రమే పుట్టిస్తుంది. కాబట్టి మీరు చూసుకోవలసింది పైన వేసే రబ్బరు గురించి కాదు, కింద ఉన్న కేసింగ్ దాన్ని మోయగలదా అన్నదే.

ఆ పరీక్ష షాపువాడు చేసేలోపు మీరే చేయండి. టైరును డిస్కు నుంచి విప్పించి, లోపలి వైపు శుభ్రంగా తుడిచి, టార్చి వేసి చుట్టూ చూడండి. దారాలు తెగి పైకి తేలినా, ఒకచోట లోపలి గోడ నల్లగా నలిగినట్టు ముడతలు పడినా ఆ టైరు గాలి తక్కువతో బరువు మోసిందని అర్థం. దానికి రబ్బరు వేయించినా నిలవదు. రిమ్ములో కూర్చునే బీడింగ్ దగ్గర తీగ బయటపడితే కూడా అక్కడితో ఆపేయండి. పక్క గోడల మీద ఎండకు వచ్చిన సన్నటి గీతలకు భయపడనవసరం లేదు గాని, వేళ్లతో విడదీస్తే లోపలి దారం కనిపించేంత లోతు పగుళ్లు ఉంటే వదులుకోవాలి. మీ ప్రాంతంలో తక్కువగాని, కంది, పత్తి, మొక్కజొన్న వేసే మెట్ట భూముల్లో కొయ్యకాళ్లు గుచ్చుకున్న రంధ్రాలు పైకి చిన్నగా కనిపించి లోపల పొరలను విడదీస్తాయి. అనుమానం ఉన్నచోట చిన్న సుత్తితో కొట్టి చూడండి. పొరలు గట్టిగా అంటుకున్నచోట గణగణమని, విడినచోట బొదబొదమని శబ్దం వస్తుంది.

రబ్బరు వేసే పద్ధతులు రెండు. మొదటిది పాత రబ్బరును బఫింగ్ చేసి (గీకి గరుకు చేసి), పచ్చి రబ్బరు చుట్టి, అచ్చులో పెట్టి సుమారు 150 డిగ్రీల వేడిలో ఉడికించడం. బటన్లు ఆ అచ్చులోనే ఏర్పడతాయి. రెండోది ముందే ఉడికి, బటన్లతో సహా తయారైన పట్టీని మధ్యలో పలుచటి పచ్చి రబ్బరు పొరతో అంటించి, సుమారు 100 డిగ్రీల దగ్గర, ఒత్తిడిలో కొన్ని గంటలపాటు ఉంచడం. రెండో పద్ధతిలో కేసింగ్ మీద పడే వేడి తక్కువ. అయినా ఏ పద్ధతి అన్నదానికన్నా, అంటించేముందు కేసింగ్ ఎంత పొడిగా ఉందన్నది ముఖ్యమని నా అనుభవం.

ఇది నాకు నష్టంతో తెలిసిన సంగతి. ఒక ఏడాది ఆగస్టులో దమ్ము ముగిసిన వారానికే మా రెండు టైర్లను ఒక షాపులో ఇచ్చాను. రెండు రోజుల్లో తిరిగి ఇచ్చారు. వేగంగా పని చేశారని సంతోషించాను కూడా. నలభై రోజులకు కుడి టైరు భుజం దగ్గర, అంటే బటన్లు పక్క గోడను కలిసే అంచున, అరచేయంత ఉబ్బు లేచింది. బ్లేడుతో కోసి చూస్తే కొత్త రబ్బరు అడుగు భాగం గాజులా నున్నగా ఉంది. సరిగా అంటిన రబ్బరును పీకితే అది గరుకుగా చిరగాలి, నున్నగా ఊడిరాకూడదు. టైరుకు పడిన గాట్ల గుండా దారాల్లోకి దిగిన బురదనీరు అచ్చు వేడికి ఆవిరై రబ్బరును లోపలి నుంచే పైకి తోసింది. అందుకే మీరు దమ్ము అయిన వెంటనే కాక, వేసవిలో, టైర్లు విప్పి నీడలో రెండు మూడు వారాలు ఆరిన తర్వాత ఇవ్వండి. బరువు కోసం ట్యూబుల్లో నీళ్లు నింపి ఉంటే వాటిని పూర్తిగా తీసేసి, టైరు లోపల తడి లేకుండా చూడండి. మీ టైర్లు మీకే తిరిగి రావాలని ముందే మాట తీసుకుని, పక్క గోడ మీది సీరియల్ నంబరు రాసుకోండి.

ఇక దండగా, లాభమా అన్నది గంటల లెక్కలో చూడాలి. ఉదాహరణకు కొత్త టైరు 24,000 రూపాయలకు వచ్చి 4,000 గంటలు నడిస్తే గంటకు 6 రూపాయలు పడుతుంది. 9,000 రూపాయలతో వేయించిన రబ్బరు 2,500 గంటలు వచ్చినా గంటకు 3 రూపాయల 60 పైసలే. ఈ అంకెల స్థానంలో మీ ఊరి ధరలు, మీ బండి మీటరు గంటలు వేసుకోండి. అయితే మీ పనిలో తారురోడ్డు తోలకం ఎక్కువైతే ఆ 2,500 గంటలు బాగా తగ్గిపోతాయి, ఎందుకంటే బటన్లను పొలం మట్టి కంటే తారే ఎక్కువగా తినేస్తుంది. మీరు బటన్లు పూర్తిగా పోయేదాకా ఆగకుండా ఇప్పుడే అడగడం మంచిదయింది. గుండు చేసి, దారాలు తేలేదాకా నడిపిన టైరుకు బఫింగ్ చేయడానికి రబ్బరే మిగలదు.

తిరిగి బిగించేటప్పుడు ఒక మాట. ట్రాక్టరు వెనక నిలబడి చూస్తే బటన్ల బాణం మొన పైకి ఉండాలి. తలకిందులుగా బిగిస్తే టైరు బురదను విదల్చదు, పట్టు పోతుంది.

ప్రశ్న: బజారులో నల్లగా మెరిసే, లోతైన గాడులున్న టైర్లు సగం ధరకు అమ్ముతున్నారు. రీబటన్ అంటున్నారు. కొనవచ్చా? – ఒక ట్రక్కు యజమాని, ఖమ్మం

జవాబు: మెరుపు పాలిష్‌ది. గాడి అడుగును చూడండి. అరిగిన టైరుకు వేడి కత్తితో గాడులు కోసి రీబటన్ అని అమ్మడం ఒక మోసం. అందులో కొత్త రబ్బరు ఒక్క గ్రాము కూడా ఉండదు, పైగా దారాలను కాపాడే మిగిలిన రబ్బరునే తవ్వేస్తారు. అలా గాడులు మళ్లీ కోయవచ్చని తయారీదారే ముద్ర వేసిన కొన్ని లారీ టైర్లకు తప్ప ఆ పని ఎక్కడా చేయకూడదు. గాడి అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నా, అడుగున దారం జాడ కనిపించినా, అరుగుదల తెలిపే చిన్న దిమ్మెలు గాడుల్లో లేకపోయినా వదిలేయండి. నిజమైన రీబటన్‌లో పాత రబ్బరు, కొత్త రబ్బరు కలిసిన గీత భుజం దగ్గర చుట్టూ సమానంగా కనిపిస్తుంది.

తర్వాత పక్క గోడ మీద తయారీ తేదీ చదవండి. చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారం. ఆ అంకెలు గీకేసి ఉంటే బేరమే ఆడకండి. ఎవరి బండి కింద, ఏ బరువు మోసిందో తెలియని కేసింగ్ కొనడం కంటే మీ పాత టైరుకే రబ్బరు వేయించుకోవడం నయం. రెండు, మూడు చక్రాల బండ్లు కాక, రోడ్డు మీదికి వచ్చే బండికి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలన్నది కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: పాడేరు చుట్టుపక్కల గూడేలకు పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు నడుపుతున్నాను. 6.00–16 టైర్లు. ఈమధ్య వెనక రెండింటికీ రబ్బరు వేయించాను, ముందువి సగం అరిగిన పాతవే. అప్పటి నుంచి ఫోర్ వీల్ వేసి తారుమీదికి వస్తే స్టీరింగు బిగుసుకుంటోంది, లివరు వెనక్కి రావడం లేదు. రివర్సులో కొద్దిగా నడిపితే వస్తోంది. గేరుబాక్సు పోయిందా? – ఒక డ్రైవరు

జవాబు: గేరుబాక్సు ఇంకా పోలేదు గాని, ఇలాగే నడిపితే పోతుంది. లోపం టైర్ల చుట్టుకొలతలో ఉంది. మీ జీపులో ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ (రెండు వైపులనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేదు. ఫోర్ వీల్ వేయగానే ఇరుసులకు శక్తిని చేర్చే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులు కచ్చితంగా ఒకే వేగంతో తిరగాలి. వెనక టైరు వ్యాసార్ధం ముందుదాని కంటే ఒక్క సెంటీమీటరు ఎక్కువైతే ప్రతి చుట్టుకూ సుమారు 6 సెంటీమీటర్ల తేడా వస్తుంది. మీ సైజు టైరు కిలోమీటరుకు దాదాపు 440 చుట్లు తిరుగుతుంది కాబట్టి కిలోమీటరు పోయేసరికి ముందు, వెనక చక్రాల మధ్య 27 మీటర్ల పేచీ. బురదలో టైరు జారి ఆ పేచీని తీర్చేస్తుంది. తారు మీద జారే వీలు లేదు గనుక ఆ బిగువంతా షాఫ్టుల్లో, గేర్లలో చేరుతుంది. రివర్సులో నడిపితే బిగువు సడలి లివరు వస్తోంది.

కొలవడం తేలిక. గాలి సరిచేసి, ఒక్కొక్క టైరు మీద, దాని కింద నేల మీద సుద్దతో గీత వేసి, బండిని తిన్నగా తోసి, పది చుట్లకు ఏ టైరు ఎంత దూరం వచ్చిందో టేపుతో చూడండి. ముందుకూ వెనకకూ తేడా 1 శాతం కూడా లేకుండా ఉండేలా జతలు చేయండి. రబ్బరు వేయించేటప్పుడు ఏ చుట్టుకొలత కావాలో షాపుకు ముందే చెబితే బఫింగ్, రబ్బరు మందం దానికి తగ్గట్టు చేయగలరు. ఫోర్ వీల్ ట్రాక్టర్లవారికి కూడా ఈ జాగ్రత్త వర్తిస్తుంది. వాటిలో ముందు చక్రాలు కొంచెం ముందంజలో ఉండేలా కంపెనీ నిష్పత్తి పెట్టి ఉంటుంది కాబట్టి వెనక టైర్లు మాత్రమే పెంచితే ఆ నిష్పత్తి చెడుతుంది.

ఇప్పుడు మీరు అడగని మాట ఒకటి చెప్పాలి. ఘాట్‌రోడ్డులో మనుషులను ఎక్కించుకుని నడిపే జీపుకు ముందు చక్రాలకు మాత్రం రీబటన్ వేయకండి. వెనక టైరు రబ్బరు ఊడినా ప్రమాదమే గాని, బండిని ఆపుకునే వీలు ఉండవచ్చు. మలుపులో ముందు టైరుది ఊడితే స్టీరింగు చేతిలో ఉండదు. అమెరికాలో లారీలకు రీబటన్ టైర్లు విరివిగా వాడతారు గాని, బస్సుల ముందు చక్రాలకు మాత్రం అక్కడి నియమాలు వాటిని నిషేధించాయి. పైగా మీ దారిలో దిగుడు పొడుగునా బ్రేకులు పట్టి ఉంచితే డ్రమ్ముల వేడి రిమ్ముకు, అక్కడి నుంచి బీడింగుకు పాకుతుంది. ముందు రెండూ కొత్తవి వేసి, వెనక రెండింటినీ వాటి కొలతకు కలపండి. దిగేటప్పుడు చిన్న గేరులో దిగండి. బురద కోసం గాలి తగ్గించినప్పుడు తారు ఎక్కేముందే మళ్లీ పట్టించండి. గాలి తగ్గిన టైరు భుజం ప్రతి చుట్టుకూ మడత పడి కాగుతుంది, అతుకు ముందు విడేది అక్కడే.

రోడ్డు పక్కన పడి ఉండే రబ్బరు ముక్కలను చూసి అవన్నీ రీబటన్‌వేనని చాలామంది అనుకుంటారు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అలాంటి ముక్కలను ఏరి పరీక్షించి 2008లో నివేదిక ఇచ్చారు. వాటిలో కొత్త టైర్లవీ చాలానే తేలాయి. మేకులు, రాళ్లు వంటి దారి గాయాలు, గాలి చాలకపోవడం లేదా బరువు మించడం ముఖ్య కారణాల్లో కనిపించాయి.

ప్రశ్న: చీమకుర్తి గ్రానైట్ క్వారీలో లోడరు నడుస్తోంది. రాయి కోతలకు టైర్లు ఆరు నెలలు ఆగడం లేదు. రీబటన్ వేస్తే ఇంకా త్వరగా పోతాయా? – ఒక క్వారీ గుత్తేదారు, ప్రకాశం జిల్లా

జవాబు: త్వరగా పోవాలని లేదు. లోడరు కొద్ది దూరంలోనే అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి వేడి సమస్య తక్కువ, కోతల సమస్య ఎక్కువ. అందువల్ల షాపులో కోతలను తట్టుకునే రబ్బరు మిశ్రమం, రాతి పనికి చేసే లోతైన బటన్ అడగండి. లోడరు టైర్ల బటన్ లోతును ఎల్–3, ఎల్–5 వంటి తరగతులతో చెబుతారు. ఎల్–3తో పోలిస్తే ఎల్–5కు రెండున్నర రెట్లు లోతు ఉంటుంది. ఎక్కువ దూరం మోసే డంపరుకు మాత్రం అంత లోతు రబ్బరు వేయకండి, మందం పెరిగినకొద్దీ లోపలి వేడి బయటికి పోదు.

మీ నష్టంలో సగం టైరుది కాదు, నేలది. బ్లాకులు కోసినచోట రాతి చిప్పలు నీళ్లలో మునిగి ఉంటాయి. తడిసిన రబ్బరును రాయి పొడి రబ్బరు కంటే చాలా తేలికగా కోస్తుంది. లోడరు తిరిగేచోట నీరు నిలవకుండా చూసి, పూటకోసారి బకెట్ అంచుతో చిప్పలు తోయించండి. ప్రతి వారం కోతలు లెక్కపెట్టించండి. దారం దాకా దిగిన కోతను ఆ వారమే బాగు చేయిస్తే కేసింగ్ రీబటన్‌కు మిగులుతుంది. లోపల ఉక్కు తీగలుండే రేడియల్ టైరైతే ఇది ఇంకా అవసరం, ఎందుకంటే నీరు తగిలిన ఉక్కు తీగ తుప్పు పట్టి, ఆ తుప్పు లోలోపలే పాకుతుంది.

ప్రశ్న: ఏప్రిల్‌లో రబ్బరు వేయించిన ట్రాక్టరు టైర్లను జూన్ దాకా ఎలా ఉంచాలి? – ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: ఎండ తగలని గదిలో, చెక్క పలకల మీద నిలువుగా ఆనించి ఉంచండి. నెలకోసారి కొద్దిగా దొర్లించి ఆనే చోటు మార్చండి. డీజిలు డబ్బాలకు, గ్రీజుకు దూరంగా ఉంచండి. వెల్డింగు మెషినుగాని, మోటారుగాని నడిచే గదిలో పెట్టకండి, వాటి విద్యుత్ మెరుపుల వల్ల పుట్టే ఓజోన్ వాయువు రబ్బరును పగలగొడుతుంది. బిగించిన తర్వాత మొదటి రెండు రోజులూ పొలం పని చేయించి, భుజాల చుట్టూ చేత్తో తడిమి ఎక్కడా ఉబ్బు లేదని చూసుకున్నాకే ట్రక్కు తగిలించండి.