పెళ్లి క్యాసెట్‌ను డీవీడీలోకి ఎక్కించుకోవడం ఎలా?

ప్రశ్న: 1994 నాటి మా పెళ్లి వీడియో క్యాసెట్‌ను ఇంట్లోని కంప్యూటర్‌తోనే డీవీడీలోకి ఎక్కించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: తప్పకుండా ఎక్కించుకోవచ్చునండీ. ముందుగా క్యాసెట్ మూత ఎత్తి, టేపుపై తెల్లని బూజు ఉందేమో చూడండి. ఉంటే వీసీఆర్‌లో పెట్టవద్దు, అది టేపును చదివే హెడ్‌కు అంటుకొని మిగతా క్యాసెట్లనూ పాడుచేస్తుంది. బాగుంటే, వీసీఆర్ నుంచి వచ్చే పసుపు, తెలుపు, ఎరుపు వైర్లను వీడియోను కంప్యూటర్‌లోకి పంపే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి కలిపి, కంప్యూటర్‌లో మన దేశపు క్యాసెట్లకు వాడిన పాల్ అనే వీడియో పద్ధతిని, అంటే 720×576 పరిమాణాన్ని, సెకనుకు 25 ఫ్రేములను ఎంచుకోండి. మూడు గంటల క్యాసెట్ ఎక్కడానికి మూడు గంటలూ పడుతుంది. ఎడిటింగ్‌లో ఖాళీ భాగాలను తీసివేయండి గాని, భోజనాల పంక్తిని మాత్రం కత్తిరించవద్దని నా మనవి, ఇప్పుడు లేని పెద్దల ముఖాలు తరచుగా అక్కడే దొరుకుతాయి. 4.7 జీబీ డిస్కులో మంచి నాణ్యతతో దాదాపు రెండు గంటల వీడియోయే పడుతుంది కనుక రెండు డిస్కులుగా విభజించి, అసలు ఫైలును హార్డ్ డిస్కులోనూ దాచుకోండి.