ఒకేసారి మూడు సర్జరీలు: ఏడు గంటలు మత్తులో ఉండొచ్చా?

ప్రశ్న: నా వయసు 42. బాగా బరువు తగ్గాక చర్మం వేలాడుతోంది. టమ్మీ టక్ (పొట్ట మీద వేలాడే చర్మం తీసేసే సర్జరీ), నడుముకు లైపోసక్షన్ (కొవ్వు పీల్చి తీసేయడం), రొమ్ముల సైజు తగ్గించే సర్జరీ కలిపి చేస్తే 7 గంటలు పడుతుందన్నారు. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నాను. ప్రమాదమా?

జవాబు: మీ భయం సబబే. ప్లాస్టిక్ సర్జరీలో 3 గంటలు దాటిన దగ్గర్నుంచి కాంప్లికేషన్లు పెరుగుతాయి. పెద్ద ఆపరేషన్‌కే ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి తప్పంతా గడియారానిది కాదు. అయినా సమయం వల్లే వచ్చే ఇబ్బందులు కొన్నున్నాయి.

మీ విషయంలో నాకు ఎక్కువ ఆందోళన కాళ్లలో రక్తం గడ్డకట్టడం గురించే. మత్తులో పిక్కల కండరాలు కదలవు, రక్తం నిలిచిపోతుంది. టమ్మీ టక్‌లో పొట్ట కండరాలను బిగించి కుడతారు; దాంతో కడుపులో ఒత్తిడి పెరిగి, కాళ్ల నుంచి రక్తం పైకి రావడం ఇంకా కష్టమవుతుంది. పైగా ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు గడ్డకట్టే గుణాన్ని పెంచుతాయి. మీ డాక్టర్‌తో మాట్లాడి 4 వారాల ముందే వాటిని ఆపి, వేరే గర్భనిరోధక పద్ధతి పాటించండి. కాళ్లకు గాలితో నొక్కే పట్టీలు మత్తు ఇవ్వకముందే మొదలుపెట్టాలి. రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఇంజెక్షన్లు అవసరమా అన్నది, గడ్డకట్టే ముప్పును లెక్కగట్టే కాప్రిని స్కోరు వేసి తేలుస్తారు.

రెండోది చలి. మత్తిచ్చిన మొదటి గంటలోనే ఒంటి లోపలి వేడి 1 డిగ్రీ సెల్సియస్‌కు పైగా పడిపోతుంది. పొట్ట, ఛాతీ కప్పకుండా వదిలేయాలి కాబట్టి దుప్పటి కప్పే చోటు తక్కువ. 36 డిగ్రీల కంటే తగ్గితే గాయం దగ్గర రక్తస్రావం, ఇన్ఫెక్షన్ రెండూ పెరుగుతాయి. అందుకే మత్తుకు ముందే అరగంట వేడి గాలి దుప్పటి వేయడం మంచిది. సెఫజోలిన్ యాంటీబయాటిక్ ఇస్తే 4 గంటలకు మరో డోసు పడాలి.

నా సలహా, రెండు విడతలుగా చేయించుకోండి. రొమ్ముల సర్జరీ ఒకసారి, కనీసం 3 నెలల తర్వాత టమ్మీ టక్, పరిమితంగా లైపోసక్షన్. రెండుసార్లు మత్తు ఎందుకని 7 గంటలకు ఒప్పుకోవద్దు. అలాగని సర్జన్‌ను తొందరపెట్టకూడదు. రక్తనాళాలను ఓపిగ్గా మూయకపోతే లోపల రక్తం చేరి మళ్లీ కుట్లు విప్పాల్సి వస్తుంది. ఒకేసారి చేయాల్సి వస్తే రెండు టీములు పక్కపక్కన పనిచేస్తాయా, రాత్రి ఆస్పత్రిలో ఉంచుతారా అని అడగండి. అదే రోజు ఇంటికి పంపే సర్జరీ కాదిది.

ఆ సాయంత్రమే, సాయం పట్టుకునైనా, నాలుగడుగులు నడవాలి. ఒక పిక్క వాచినా, నొప్పిగా ఉన్నా అదే రోజు చూపించుకోండి. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే మాత్రం గంట కూడా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.