తెలియదు అనే మూడో జవాబు

చిన్నీ,

మారతహళ్ళిలో పీజీ దొరికిందని అక్క చెప్పింది, సంతోషం. రిపోర్టులో వరుసలు తగ్గుతున్నాయని నిన్న ఫోన్‌లో టెన్షన్ పడ్డావు కదా, డేటాబేస్‌ని వివరాలడిగే నీ ఎస్‌క్యూఎల్ క్వెరీ రాత్రి కూర్చుని చూశాను. టేబుళ్ళని కలిపే జాయిన్లన్నీ బాగానే ఉన్నాయి. చిక్కంతా "ఊరు బెంగళూరు కాదు" అన్న ఆ ఒక్క షరతులో ఉంది.

డేటాబేస్‌కి అవును, కాదు అని రెండే జవాబులు ఉండవమ్మా. "తెలియదు" అని మూడోది ఉంది. ఊరు గడిలో నల్, అంటే విలువే నమోదు కాలేదన్న గుర్తు, ఉన్న కస్టమర్ బెంగళూరు కాదా అంటే, తెలియదు. షరతులు రాసే వేర్ భాగం నిజమని తేలిన వరుసల్నే రానిస్తుంది. ముందు నాట్ (కాదు) పెట్టినా లాభం లేదు, తెలియదుకి నాట్ తగిలిస్తే మళ్ళీ తెలియదే. "ఆర్ ఊరు ఈజ్ నల్" (లేదా ఊరు నల్) అని చేర్చు. ఆ రెండిటికీ బ్రాకెట్లు పెట్టడం మరవకు, ఆర్ కన్నా ముందు ఆండ్‌నే (మరియు) లెక్క చూస్తుంది.

ఇంతకన్నా ప్రమాదం నాట్ ఇన్, అంటే "ఈ జాబితాలో లేనివాళ్ళు" అనే షరతు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో బాకీదారుల జాబితా తీయమన్నారు. కట్టినవాళ్ళ ఐడీలు సబ్‌క్వెరీలో, అంటే క్వెరీ లోపలి క్వెరీలో, పెట్టి నాట్ ఇన్ అన్నాను. సున్నా వరుసలు వచ్చాయి. ఎవరూ బాకీ లేరని మేనేజర్‌కి చెప్పేశాను. మూడు రోజులకి అకౌంట్స్ వాళ్ళు నా సీటు దగ్గరికి వచ్చారు. వెతికితే, చెల్లింపుల టేబుల్‌లో ఒకే ఒక్క రసీదుకి కస్టమర్ ఐడీ పడలేదు. ఆ తెలియని ఐడీ ఎవరిదైనా కావచ్చు, అందుకే "ఈయన కట్టలేదు" అని ఒక్కరి గురించి కూడా డేటాబేస్ ఖాయంగా చెప్పలేకపోయింది. ఎర్రర్ కూడా రాలేదు చిన్నీ, నన్ను ఇప్పటికీ భయపెట్టేది అదే. అప్పటినుంచి ఇలాంటి చోట, సరిపోయే వరుస ఒక్కటీ లేదా అని చూసే నాట్ ఎగ్జిస్ట్సే రాస్తున్నాను.

ఇంకో మాట, బ్రాకెట్ బయటున్న నాట్‌ని లోపలికి తెస్తే లోపలి ఆండ్ ఆర్ అవుతుంది, ఆర్ ఆండ్ అవుతుంది. "బెంగళూరు కాదు ఆర్ చెన్నై కాదు" అని రాశావంటే ఊరు నమోదైన ప్రతివాళ్ళూ వచ్చేస్తారు. ఈ నియమానికి పేరిచ్చిన గణిత శాస్త్రజ్ఞుడు డి మోర్గాన్ 1806లో మదురైలోనే పుట్టాడట, అది చదివిన రోజు నాకెంత ముచ్చటేసిందో!

రేపు ఆఫీసుకి వెళ్ళగానే బెంగళూరువి, కానివి, నల్ ఉన్నవి విడివిడిగా కౌంట్ తీయి. మూడూ కలిపితే మొత్తానికి సరిపోయాకే రిపోర్టు పంపు. ఆదివారం భోజనానికి వచ్చేయ్, లాప్‌టాప్ కూడా తెచ్చుకో.

మామయ్య