చేతిలో ఆ గులాబీ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. ఫోటోకని స్టూడియోకి తీసుకెళ్తే అతను చేతికి ప్లాస్టిక్ గులాబీ ఇచ్చి, తల వంచి కళ్ళు కిందికి దించమన్నాడు. పాత పెయింటింగుల్లో ఆడవాళ్ళలా క్లాసిక్‌గా వస్తుందట. మా పిల్ల గులాబీ టేబుల్ మీద పడేసి వచ్చేసింది, ఇంట్లో ఒకటే గొడవ. నిజంగానే ఆ చిత్రాల్లో ఆడవాళ్ళ చేతుల్లో ఏదో ఒకటి ఎందుకుంటుందండీ?
- ఒక తల్లి, మలక్‌పేట

జవాబు: ముందే చెప్పేస్తున్నా, నేను మీ అమ్మాయి పార్టీ.

ఆ చిత్రాల్లో చాలావాటికి డబ్బిచ్చింది తండ్రో, మొగుడో, ఏలినవాడో. మనం బయోడేటాలో 'సంప్రదాయ కుటుంబం, నెమ్మదస్తురాలు' అని రాస్తాం చూడండి, చేతిలో వస్తువు కూడా అలాంటి మాటే. లియోనార్డో డా విన్సీ 1490 ప్రాంతంలో చెచీలియా గల్లెరాని అనే అమ్మాయిని వేశాడు, చేతిలో తెల్లటి ఎర్మిన్, చూడ్డానికి మన ముంగిసలా ఉంటుంది. ఒంటికి బురద అంటడంకంటే చావే నయమనుకునే జంతువని అప్పట్లో నమ్మకం, అందుకని శీలానికి గుర్తు. తమాషా ఏమిటంటే ఆమె మిలాన్ పాలకుడు లుదోవికో స్ఫోర్జా ప్రియురాలు, ఎర్మిన్ ఆయన చిహ్నం కూడా!

నన్ను వదలనిది మాత్రం ఇటలీ చిత్రకారుడు గిర్లాందాయో వేసిన జొవాన్నా తోర్నబువోని అనే ఆవిడ చిత్రం. నాణెం మీద బొమ్మలా పక్కకి తిరిగి ఉంటుంది, పొడుగు మెడ, చెంప మీద రింగుల జుట్టు కూడా లెక్కపెట్టి పెట్టినట్టు, చేతిలో చిన్న రుమాలు. వెనక అరలో నగ, ప్రార్థన పుస్తకం, పగడాల పేరు, అంటే సిరీ భక్తీ రెండూ ఉన్నాయని. భుజం దగ్గర భర్త లొరెంజో పేరులోని మొదటి అక్షరం. చిత్రం మీద 1488 అని ఉంది, ఆమె రెండో కాన్పు చూడకుండానే పోయింది కూడా ఆ ఏడాదే. పక్కనే అంటించిన చీటీలో లాటిన్‌లో ఇలా ఉంటుంది: కళా, నువ్వు ఈమె గుణాన్నీ మనసునీ కూడా గీయగలిగితే భూమ్మీద ఇంతకంటే అందమైన చిత్రం ఉండదు. ఇన్ని సరంజామాలు పెట్టి, చివరికి మనిషి దొరకలేదని ఆ చిత్రమే ఒప్పుకుంటోంది.

మనవాళ్ళేం తక్కువ తినలేదు. రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌ చిత్రాల్లో 'బణీ ఠణీ' అనే అందగత్తె కళ్ళు దాదాపు చెవిదాకా సాగుతాయి, అలాంటి కళ్ళున్న మనిషి ఎక్కడా ఉండదు, అది కవిగారి వర్ణనకి రంగులేసినట్టు.

ఓ ఆదివారం అమ్మాయిని సాలార్‌జంగ్‌కి తీసుకెళ్ళండి (శుక్రవారం సెలవు). పెయింటింగ్ కాదు గానీ, అక్కడ ఇటలీ శిల్పి బెంజోని 1876లో చెక్కిన మేలిముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహం ఉంది. ముసుగేమో సిగ్గుకి గుర్తు, ఆయన పనితనమంతా అందులోంచి మొహం కనపడేలా చెక్కడంలో ఉంది. మీ పిల్ల దాని ముందు నిలబడి ఏమంటుందో నాకు రాయండి.

ఫోటోకి మాత్రం తనకి నచ్చినట్టు దిగనివ్వండి, చేతిలో స్కూటీ తాళాలున్నా సరే.