ఎంఆర్ఐలో ‘స్మాల్ వెసల్ చేంజెస్’ అని వస్తే అల్జీమర్సేనా? మా అమ్మ విషయంలో జరిగింది

మీ నాన్నగారికి 71 ఏళ్లు, ఎంఆర్ఐ రిపోర్టులో ‘క్రానిక్ స్మాల్ వెసల్ ఇస్కీమిక్ చేంజెస్’ అని ఉంది, ఇది అల్జీమర్సేనా అని అడిగారు. మూడేళ్ల కిందట మా అమ్మ రిపోర్టులో అదే ముక్క చదివి నాకూ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండూ ఒకటి కాదండీ. బీపీ, షుగర్ లాంటివాటి వల్ల మెదడులోని సన్నటి రక్తనాళాలు ఏళ్ల తరబడి గట్టిపడి, ఇరుకై, లోపలికి రక్తం సరిగ్గా అందదు. ఆ దెబ్బే స్కాన్‌లో తెల్ల మచ్చల్లా కనబడుతుంది. పెద్ద వయసులో చాలామందికి ఎంతో కొంత ఉంటాయి, మచ్చలున్నంత మాత్రాన డిమెన్షియా (రోజువారీ పనులకి అడ్డొచ్చేంతగా జ్ఞాపకం, ఆలోచన తగ్గడం; అల్జీమర్స్ అందులో ఒక రకం) కాదు. కొందరిలో ఈ రక్తనాళాల దెబ్బా అల్జీమర్సూ కలిసి ఉండొచ్చు, అది న్యూరాలజిస్టు తేల్చాలి.

మా అమ్మకి మతిమరుపు పెద్దగా లేదు. నా పెళ్లిలో ఎవరు ఏ చీర పెట్టారో ఇప్పటికీ చెప్తుంది. తేడా వంటింట్లో బయటపడింది. ఓ రోజు పులిహోరకి ఖాళీ మూకుడు పొయ్యి మీద పెట్టి, ఆవాలు, శనగపప్పు వేసేసి, నూనె డబ్బా చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పప్పు మాడి పొగ వస్తోంది. ఏది ముందో ఏది తర్వాతో అందడం లేదు ఆవిడకి. నడకా మారింది, పాదాలు ఎత్తకుండా ఈడుస్తూ చిన్న చిన్న అడుగులు. మోకాళ్ల నొప్పులనుకుని ఏడాదిపాటు నూనెలు రాశాం!

తప్పు మాదే. బీపీ నార్మల్ వచ్చిందని అమ్మ మాత్ర మానేస్తే ‘పోనీలే’ అనుకున్నాం. నార్మల్ వచ్చింది ఆ మాత్ర వల్లేనని ఒక్కరికీ తట్టలేదు.

అమెరికాలో స్ప్రింట్ మైండ్ అని ఒక పెద్ద అధ్యయనం జరిగింది, 2019లో ఫలితాలొచ్చాయి. పై బీపీని 140 లోపు ఉంచినవాళ్లకన్నా 120 లోపుకి దించినవాళ్లలో, డిమెన్షియాకి ముందు జ్ఞాపకంలో, ఆలోచనలో కనిపించే తేలికపాటి లోపం 19 శాతం తక్కువగా వచ్చింది. డిమెన్షియా మాత్రం కచ్చితంగా తగ్గిందని తేలలేదు. షుగర్ ఉన్నవాళ్లని అందులో తీసుకోలేదు కూడా. అమ్మకి షుగర్ ఉంది, పైగా లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, అందుకని మా డాక్టరు 130 చాలన్నారు. మీరూ అంకె చూసి సొంతంగా డోసు మార్చకండి. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఆస్పిరిన్ కూడా అంతే, సొంతంగా మొదలుపెట్టకండి, రక్తస్రావం భయం ఉంది.

బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించారా? అమ్మకి బీ12 బాగా తక్కువుంది, ఇంజెక్షన్లయ్యాక కాస్త చురుకుదనం వచ్చింది. మచ్చలు మాత్రం పోవు.

ఇప్పుడు పోపు సామాన్లు వరసగా గిన్నెల్లో పెట్టిస్తే పులిహోర తనే చేస్తుంది. ఏదైనా అడిగితే జవాబుకి అర నిమిషం పడుతుంది, మధ్యలో మనం అందించకూడదు, అంతే. మీ నాన్నగారు నడిచేటప్పుడు ఓసారి వెనకనుంచి గమనించి, అడుగులు ఎలా పడుతున్నాయో డాక్టరుకి చెప్పండి.