షేర్ ఫోల్డర్ తెరుచుకోకపోతే: చిన్నాకు పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి చిన్నాకు,

పెద్దమ్మ ఆశీస్సులు. రాత్రి ఫోన్లో నీ గొంతు వినగానే తెలిసింది, చాలాసేపటి నుంచి దానితో కుస్తీ పడుతున్నావని. హాల్లో డెస్క్‌టాప్‌లో ఉన్న తాతయ్య ఫోటోల ఫోల్డర్ మేడ మీద నీ ల్యాప్‌టాప్‌లో తెరుచుకోవట్లేదని, రెండిట్లోనూ ఉబుంటు లినక్స్ తీసేసి మళ్లీ వేస్తానని అన్నావు. ఆ పని చెయ్యకు నాన్నా. కాలేజీ ల్యాబ్‌లో ఇన్నేళ్లు ఈ సిస్టమ్‌లతోనే గడిపాను. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే తప్ప బాగుపడని షేరింగ్ సమస్య నాకు ఒక్కటీ తగల్లేదు.

ఏం వచ్చిందిరా అనడిగితే "ఏదో ఎర్రర్ పెద్దమ్మా" అన్నావు. సగం జవాబు ఆ ఎర్రర్‌లోనే ఉంటుంది. "కనెక్షన్ రిఫ్యూజ్డ్" అంటే హాల్లో సిస్టమ్ నీకు దొరికింది, దాంట్లో ఫోల్డర్‌ను పంచే సర్వీసు (ఎన్ఎఫ్ఎస్) మాత్రం నడవట్లేదు. "టైమ్డ్ అవుట్" అంటే ఆ అడ్రసులో సిస్టమే లేదు, లేదా బయటి కనెక్షన్లకు కాపలా కాసే ఫైర్‌వాల్ ఉలుకూ పలుకూ లేకుండా ఆపేస్తోంది. "యాక్సెస్ డినైడ్ బై సర్వర్" అంటే హాల్లో సిస్టమ్‌లో ఏ ఫోల్డర్ ఎవరికివ్వాలో రాసిన ఎక్స్‌పోర్ట్స్ ఫైలులో నీ అడ్రసుకు చోటు లేదు. ఫోల్డర్ మౌంట్ అయ్యాక, అంటే నీ ల్యాప్‌టాప్‌కి తగులుకున్నాక, "పర్మిషన్ డినైడ్" వస్తే నెట్‌వర్క్ శుభ్రంగా ఉన్నట్టే, ఇక రూటర్ జోలికి పోవద్దు. ఈ నాలుగూ నాలుగు వేరు వేరు జబ్బులు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే కొత్త జబ్బు పుడుతుంది.

ముందు పింగ్ చెయ్యి, అంటే హాల్లో సిస్టమ్ పలుకుతోందో లేదో చూసే కమాండ్ కొట్టు. పేరుతో కాదు, నంబరుతో. హాల్లో సిస్టమ్ ముందు కూర్చుని "ఐపీ ఏ" కమాండ్ కొట్టి దాని అడ్రసు చూసుకో. పోయిన నెల 192.168.1.10 ఉన్నది కరెంటు పోయి వచ్చాక 192.168.1.14 అయిపోయి ఉండొచ్చు. రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లి ఆ సిస్టమ్‌కి ఒకే అడ్రసు రిజర్వ్ చేసెయ్, ఆ బెడద తీరిపోతుంది. మీ ఇంట్లో ఇంకో సంగతి ఉంది. కింద ఇంటర్నెట్ వాళ్లు పెట్టిన బాక్సు, మేడ మీద మీ నాన్న కొన్న రూటర్, రెండూ విడివిడిగా అడ్రసులు పంచుతుంటే ఒకే ఇంట్లో రెండు ఊళ్లు వెలిసినట్టే. ఒకచోట అడ్రసు 192.168.1 తోనూ ఇంకోచోట 192.168.0 తోనూ మొదలైతే అదీ ఒక కారణం కావొచ్చు. మేడ మీద దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చు, అప్పుడు అడ్రసులు కింద బాక్సు ఒక్కటే పంచుతుంది. గెస్ట్ వైఫైలో ఉన్నా మామూలుగా పక్క సిస్టమ్‌లు కనపడవు.

పింగ్ అందితే ఫైర్‌వాల్ చూడు. ఎన్ఎఫ్ఎస్ నాలుగో వెర్షన్‌కి 2049 పోర్టు ఒక్కటి చాలు, దాన్ని మీ ఇంటి అడ్రసులకు మాత్రమే తెరువు. పరీక్ష కోసం ఫైర్‌వాల్ ఐదు నిమిషాలు ఆపితే ఆపు, మళ్లీ ఆన్ చెయ్యడం మర్చిపోకు.

ఎక్స్‌పోర్ట్స్ ఫైలులో అడ్రసుకీ దాని పక్కన హక్కులు రాసే బ్రాకెట్‌కీ మధ్య ఖాళీ వదలకూడదు. నేనొకసారి వదిలాను. చూడ్డానికి తేడానే కనపడదు. కానీ సర్వర్ ఆ లైనును రెండు ముక్కలుగా చదువుతుంది. మన అడ్రసులకు చదువుకునే వీలు మాత్రమే, రాసుకునే హక్కేమో నెట్‌వర్క్‌లో ఉన్న మిగతా వాళ్లందరికీ! రెండు రోజులు పిల్లలు తమ ప్రోగ్రాములు సేవ్ చేసుకోలేకపోయారు, నేను పర్మిషన్లు మారుస్తూ కూర్చున్నాను. మార్చాక ఆ ఫైలు మళ్లీ చదవమని "ఎక్స్‌పోర్ట్‌ఎఫ్ఎస్" కొట్టాలి. దానికి మైనస్ ఆర్‌ఏ చేర్చు. మైనస్ వీ చేర్చి కొడితే సర్వర్‌కి ఏం అర్థమైందో చూపిస్తుంది.

నాకు నీ విషయంలో ఎక్కువ అనుమానం ఉన్నది యూఐడీ మీదే, అంటే సిస్టమ్ ఒక్కో యూజర్‌కి ఇచ్చే నంబరు మీదే. ఎన్ఎఫ్ఎస్‌ను సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లు 1984లో తెచ్చారు. ఆఫీసులో అందరికీ ఒకే నంబర్ల జాబితా ఉంటుందన్న నమ్మకం మీద కట్టింది అది. మన ఇళ్లలో అలా ఉండదు. మామూలుగా మనం పెట్టుకునేటప్పుడు అది నీ పేరు చూడదు, నీ నంబరు చూస్తుంది. ఉబుంటులో మొదట సృష్టించిన యూజర్‌కి 1000, తర్వాతి వాళ్లకి 1001. హాల్లో సిస్టమ్‌లో మొదటి అకౌంట్ మీ నాన్నది, రెండోది నీది. నీ ల్యాప్‌టాప్‌లో మొదటిది నీదే. అంటే మేడ మీద 1000గా ఉన్న నిన్ను హాల్లో సిస్టమ్ మీ నాన్న అనుకుంటుంది. నీ ఫైళ్లు నీకే తెరుచుకోవు, నువ్వు పెట్టిన ఫోటోలు ఆయన పేరున పడతాయి. రెండు చోట్లా "ఐడీ" అని కొట్టి చూడు, అక్కడికక్కడే తేలిపోతుంది. తేడా ఉంటే ల్యాప్‌టాప్‌లో నీ నంబరును 1001 చెయ్యాలి. ఆ పని వేరే అడ్మిన్ అకౌంట్‌లోంచి, నువ్వు లాగవుట్ అయ్యాక చెయ్యి. ముందు బ్యాకప్ తీసుకో.

ఇక్కడే అందరూ విసిగిపోయి 777, అంటే అందరికీ అన్ని హక్కులూ, కొట్టేస్తారు. నువ్వు కొట్టకు. తాతయ్య ఫోటోలు ఇంట్లో ఎవరు పొరపాటున డిలీట్ నొక్కినా పోతాయి, అవి మళ్లీ దొరికేవి కావు. ఫోల్డర్ మీ నాన్న హోమ్ డైరెక్టరీలో ఉంటే అదీ ఒక అడ్డే. ఉబుంటు 21.04 నుంచి కొత్తగా పెట్టిన హోమ్‌లోకి బయటి యూజర్లను రానివ్వదు. ఫోటోలను ఎస్ఆర్‌వీ డైరెక్టరీ కింద ఒక ఫోల్డర్‌లోకి మార్చి, ఇద్దరినీ ఒక గ్రూపులో పెట్టు.

మీ అమ్మ విండోస్ ల్యాప్‌టాప్‌లో కూడా చూడాలంటే విండోస్‌కి ఫోల్డర్లు పంచే సాంబా పెట్టుకోవాలి. దాని పాస్‌వర్డ్ జాబితా వేరే. లినక్స్ పాస్‌వర్డ్ ఉంది కదా అనుకోకుండా యూజర్‌ని "ఎస్ఎమ్‌బీపాస్‌డబ్ల్యూడీ" (smbpasswd) కమాండ్‌తో విడిగా చేర్చు.

మొన్న నాకు ప్రాణం పోయినంత పనైంది, అదీ చెప్తాను. పెళ్లి ఫోటోలు సర్వర్‌లోకి ఎక్కించాననుకున్నాను, మర్నాడు చూస్తే ఒక్కటీ లేదు. ఆ రోజు షేర్ మౌంట్ కాలేదు. నేను గమనించకుండా ఆ ఖాళీ ఫోల్డర్‌లోకి, అంటే నా ల్యాప్‌టాప్‌లోకే, కాపీ చేశాను. మర్నాడు షేర్ మౌంట్ అయ్యేసరికి అవి దాని కింద కప్పబడిపోయాయి. అన్‌మౌంట్ చేస్తే అన్నీ అక్కడే ఉన్నాయి. ఫైళ్లు మాయమైతే ముందు అలా చూడు. బూట్ అయ్యేటప్పుడు ఏవి మౌంట్ చెయ్యాలో రాసే ఎఫ్‌స్టాబ్ ఫైలులో షేర్ లైనుకు "నోఫెయిల్" చేర్చు, అప్పుడు హాల్లో సిస్టమ్ ఆపి ఉన్నా నీ ల్యాప్‌టాప్ బూట్ అవుతుంది.

అన్నట్టు, తాతయ్య ఫోటోలకు మీ అమ్మ పొడుగ్గా తెలుగు పేర్లు పెట్టింది కదా. లినక్స్‌లో మామూలుగా ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, గుణింతం, పొల్లు కూడా విడివిడిగా లెక్కే. మొత్తం 85 గుర్తులు దాటితే విండోస్‌లో బాగానే ఉన్న ఫైలు మన డిస్కులోకి కాపీ కాదు. పేరు కుదించు, వివరమంతా పక్కన ఒక టెక్స్ట్ ఫైలులో రాసిపెట్టు.

ఒకేసారి నాలుగు మార్చకు. ఒక్కటి మార్చు, చూడు, నోటుబుక్కులో రాసుకో. రెండు సిస్టమ్‌లలో "ఐడీ" చూపించిన నంబర్లూ, ఎర్రర్ వాక్యం అక్షరం పొల్లు పోకుండానూ నాకు పంపు. రేపు సాయంత్రం దాకా ఇంట్లోనే ఉంటాను.

మీ పెద్దమ్మ